కడప ఊళ్ల సైటుకు డోకువికీ

గండికోట, పుష్పగిరి, ఒంటిమిట్ట విశేషాలు పెట్టడానికి డోకువికీ అనే వికీ సాఫ్ట్‌వేర్ చాలు. డేటాబేస్ అక్కర్లేదు, పేజీలన్నీ టెక్స్ట్ ఫైళ్లే. డెబియన్ లైనక్స్‌లో అపాచీ వెబ్ సర్వర్, పీహెచ్‌పీ భాష, దాని ఎక్స్‌ఎంఎల్ మాడ్యూల్ ఎక్కించి, డోకువికీ ప్యాకేజీని వెబ్ ఫోల్డర్‌లో విప్పండి. ఇన్‌స్టాల్ పేజీ నడిపాక ఆ పేజీ ఫైలును తీసేయండి.

ఒక్క పేజీ కూడా రాయకముందే డోకువికీ సెట్టింగుల్లో ఫైలు పేర్ల ఎన్‌కోడింగ్‌ను (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిని) యూటీఎఫ్-8కి మార్చాలి. లేకుంటే ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ 9 బైట్లు పోతాయి, గండికోటకే 63. లైనక్స్‌లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు, కాబట్టి పొడుగాటి పేర్లు సేవ్ కావు. తర్వాత మారిస్తే పాత పేజీలు కనబడవు.

ఫోల్డర్లలోని .htaccess నియమాలను అపాచీ పాటించాలా వద్దా అని చెప్పే సెట్టింగ్ అలోఓవర్‌రైడ్; డెబియన్ అపాచీలో అది మొదట 'నన్'గా ఉంటుంది. 'ఆల్' చేయకపోతే డోకువికీ నియమాలు పనిచేయక, పేజీలుండే డేటా, సెట్టింగులుండే కాన్ఫ్ ఫోల్డర్లు ఎవరైనా చదవొచ్చు. బ్రౌజర్‌లో డేటా ఫోల్డర్‌లోని ఫైలు తెరిచి చూడండి: 403 (అనుమతి లేదు) రావాలి. బ్యాకప్‌కు డేటా, కాన్ఫ్ ఫోల్డర్లే ముఖ్యం.