అడవిలా పెరిగిన కూరగాయల పెరట్లోకి దిగే ముందు జాగ్రత్తలు

మందపాటి గ్లోవ్స్, బూట్లు, పొడుగు చేతుల చొక్కా లేకుండా దిగకండి. వయ్యారిభామ (పార్థీనియం) కలుపును ఉత్త చేత్తో పీకితే చాలామందికి దద్దుర్లు వస్తాయి.

పొదల్లో చెయ్యి పెట్టే ముందు పొడవాటి కర్రతో తట్టండి. పాత ఇటుకలు, కుండీలు కూడా ముందు కర్రతోనే కదపాలి. తేళ్లు చల్లటి నీడలోనే నక్కి ఉంటాయి.

ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.

ఎక్కువమంది పొరపాటు చేసేది తుంగ అనే కలుపు గడ్డి దగ్గరే. ఆకు పట్టి లాగితే పైభాగం తెగి చేతికొస్తుంది. కింద గోళీ అంత నల్లటి గడ్డ, దారంలాంటి వేరుకు వేలాడే ఇంకో గడ్డ మట్టిలోనే ఉండిపోతాయి. తొందరపడి టిల్లర్ (మట్టి దున్నే యంత్రం) తిప్పారో, అవి తోటంతా పరుచుకుంటాయి. పలుగుతో పెళ్లగించి, ఒక్కొక్కటే ఏరండి. ఓపిక కావాలి, నిజమే. కానీ తర్వాత మీ వంగ, బెండ మొక్కలు హాయిగా ఊపిరి పీల్చుకుంటాయి.

- గింజపట్టిన కలుపును కంపోస్టులో వేయొద్దు.
- గుప్పెడు మట్టి నొక్కి, వేలితో తాకండి. పొడిపొడిగా రాలితేనే తవ్వండి, ముద్దగా ఉంటే రెండ్రోజులు ఆగండి.
- మొదటిరోజు రెండు మడులు చాలు. మిగతా చోట గడ్డి కోసి, అట్టపెట్టెలు పరిచి బరువు పెట్టండి. వెలుతురు అందక చాలా కలుపు అక్కడే చస్తుంది.