ముఖం ఒక పక్క ఉన్నట్టుండి పడిపోతే ఏం చేయాలి?

పొద్దున్నే నోరు పుక్కిలిస్తుంటే పెదవి మూల నుంచి నీళ్లు కారిపోతాయి. అద్దంలో చూసుకుంటే మూతి ఒక పక్కకు లాగేసి ఉంటుంది, రెండో పక్క కన్ను మూతపడదు. ఎక్కువసార్లు ఇది బెల్స్ పాల్సీ. ముఖాన్ని కదిలించే ఏడో కపాల నాడి, చెవి దగ్గర ఎముకలోని ఇరుకు దారిలో వాచి ఒత్తుకుపోతుంది. 1821లో ఈ నాడి గురించి రాసిన సర్జన్ చార్లెస్ బెల్ పేరే దీనికి పెట్టారు.

1. ముందు స్ట్రోక్ సంగతి చూడండి. చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే అంబులెన్స్ పిలవండి. కనుబొమలు పైకెత్తితే బెల్స్ పాల్సీలో ఆ పక్క నుదుటి మీద ముడతలు పడవు. స్ట్రోక్‌లో సాధారణంగా పడతాయి, ఎందుకంటే నుదుటి కండరానికి మెదడు రెండు వైపుల నుంచీ ఆదేశాలు అందుతాయి. అయినా నుదురు చూసి ఇంట్లోనే తేల్చేయకండి. అనుమానముంటే స్ట్రోక్ అనుకునే పరుగెత్తండి.

2. 72 గంటల్లోపు డాక్టర్ని కలవండి. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ ఆ లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. షుగర్ ఉన్నా, గర్భంతో ఉన్నా ముందే చెప్పండి. చెవిలో పొక్కులుంటే అది హెర్పిస్ జోస్టర్ (చికెన్‌పాక్స్ వైరస్ వల్ల వచ్చే పొక్కుల జబ్బు) కావచ్చు, చికిత్స మారుతుంది.

3. కన్ను కాపాడుకోండి. మూతి వంకర గురించే అందరూ బెంగపడతారు గానీ, అసలు ప్రమాదం కంటికి. రెప్పను ఎత్తే కండరం వేరే నాడి చేతిలో ఉంటుంది, అది బాగానే పనిచేస్తుంది. మూసే కండరమే పడిపోయింది. అందుకే కన్ను మూయబోతే గుడ్డు పైకి తిరిగి తెల్లగా కనబడుతుంది. అలా తెరుచుకునే ఉంటే కంటి నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. పగలు కృత్రిమ కన్నీటి చుక్కలు తరచూ వేసుకోండి, బయటికెళ్తే కళ్లజోడు పెట్టుకోండి. రాత్రి కంటి ఆయింట్‌మెంట్ రాసి, పైరెప్పను వేలితో మెల్లగా దించి, మెత్తటి మెడికల్ టేప్ అంటించండి. టేప్ కింద రెప్ప తెరుచుకుంటే అదే గుడ్డును గీస్తుంది, కాబట్టి మొదటి రోజు డాక్టర్ దగ్గరే నేర్చుకోండి. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు మసకైనా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

4. తినేటప్పుడు బాగున్న పక్క నమలండి. బుగ్గ కండరం పట్టు లేక మెతుకులు చిగుళ్ల పక్కన ఇరుక్కుంటాయి, తిన్నాక వేలితో తీసి శుభ్రం చేసుకోండి.

5. వ్యాయామాలు అద్దం ముందు, మెల్లగా చేయాలి. బలవంతంగా ముఖం బిగించకండి. నాడి కోలుకునేటప్పుడు తీగలు తప్పుగా అతుక్కుంటే, నవ్వినప్పుడల్లా కన్ను మూసుకుపోయే ఇబ్బంది మిగిలిపోవచ్చు.

చాలామందికి రెండు మూడు వారాల్లో కదలిక మొదలై, మూడు నుంచి ఆరు నెలల్లో ముఖం మామూలవుతుంది. మూడు నెలలైనా కదలిక లేకపోతే, లేదా బలహీనత ఇంకా పెరుగుతూ పోతుంటే మళ్లీ చూపించుకోండి.