నైట్ దిగాక ముందు నిద్ర: బెంగళూరులో పనిచేసే మన నర్సులకి

బెంగళూరులో నర్సుగా నాకు పదకొండేళ్ళు, మాది అనంతపురం వైపు. కొత్తగా చేరిన పిల్లలు డ్యూటీ రూమ్‌లో ఏడుస్తుంటే "యోగా చెయ్యి, సర్దుకుంటుంది" అనేవాళ్ళే ఎక్కువ. యోగా మంచిదే. కానీ వరసగా ఆరు నైట్‌లు చేసి, పగలు మూడు గంటలు కూడా పడుకోని మనిషికి ముందు కావలసింది నిద్ర, అందుకే దాని గురించే ముందు చెబుతాను.

నైట్ దిగి బయటికొచ్చేసరికి ఎండ పడుతుంటుంది. ఆ వెలుతురు కళ్ళకి తగిలితే ఒళ్ళు తెల్లారిందనుకుంటుంది, ఇక నిద్ర రాదు. అందుకని నల్ల కళ్ళద్దాలు పెట్టుకునే బస్సెక్కండి. స్కూటీ మాత్రం వద్దు. కునికిపాట్లు పడుతూ సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో బండి నడిపితే ఏమవుతుందో క్యాజువాలిటీలో పనిచేసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పీజీ హాస్టల్లో కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి, చెవుల్లో దూది కాకుండా ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, గదిలో నలుగురి డ్యూటీలూ నాలుగు రకాలుగా ఉంటాయి కాబట్టి మీ రోస్టర్ తలుపుకి అంటించండి. ఇంటికి కూడా ఒకసారి గట్టిగా చెప్పాలి, మధ్యాహ్నం మూడు దాకా ఫోన్ చెయ్యొద్దని. మా అమ్మకి అది అర్థం కావడానికి ఏడాది పట్టింది, పట్టపగలు పడుకుంటున్నానంటే ఒంట్లో బాగాలేదేమో అని భయపడేది పాపం. రాత్రి రెండు దాటాక టీ, కాఫీ ఆపేయండి. తాగిన కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య మెదడు బాగా మందగిస్తుంది, అది మీ చేతగానితనం కాదు, ఎవరికైనా అంతే. ఒకసారి ఆ వేళప్పుడు ఇన్సులిన్ యూనిట్లు తప్పు తీశాను, పక్క సిస్టర్ చూసి ఆపింది కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి ఆ టైమ్‌లో ఇన్సులిన్, పొటాషియం ఇంకొకరికి చూపించకుండా ఇవ్వను. మీరూ అలాగే చెయ్యండి. నీళ్ళు తాగండి, బాత్రూమ్‌కి వెళ్ళండి, ఆపుకుని ఆపుకుని యూరిన్ ఇన్‌ఫెక్షన్ తెచ్చుకున్నవాళ్ళు ప్రతి వార్డులో ఉన్నారు.

ఇక మన తెలుగువాళ్ళకి ఇక్కడ ఇంకో బరువుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. చిత్తూరు, అనంతపురం, కర్నూలు నుంచి పేషెంట్లు ఇక్కడికి చాలామంది వస్తారు. కన్నడం రాక, ఇంగ్లిష్ రాక బిక్కుబిక్కుమంటూ ఉన్నవాళ్ళకి మన మాట వినగానే ప్రాణం లేచొస్తుంది. "అమ్మా, నువ్వు మన పిల్లవే కదా, డాక్టరేమన్నాడో నిజం చెప్పు" అని చెయ్యి పట్టుకుంటారు. వాళ్ళ బెడ్ మనది కాకపోయినా పిలుస్తారు, పక్క వార్డు నుంచి కూడా మాట చెప్పడానికి మనల్నే పిలుస్తారు. చెడువార్త డాక్టర్ ఇంగ్లిష్‌లో చెప్పి వెళ్ళిపోతాడు, దాన్ని తెలుగులో నోటితో పలకాల్సింది మనమే. ఇది కూడా పనే. ఎన్నిసార్లు పిలిచారో చిన్న పుస్తకంలో రాసుకుని ఇన్‌ఛార్జికి చూపించండి, ఆ రోజు మీ బెడ్లు తగ్గించమని అడగండి. ఒప్పుకోకపోవచ్చు. అయినా అడగండి. చెడువార్త చెప్పేటప్పుడు డాక్టర్‌ని పక్కనే నిలబడమనండి, దీనికి మాత్రం చాలామంది ఒప్పుకుంటారు.

పేషెంట్ పోయాక శరీరం తుడిచి, పంపించి, పది నిమిషాల్లో అదే బెడ్ మీద కొత్త అడ్మిషన్ తీసుకుంటాం. తర్వాతి డ్యూటీవాళ్ళకి హ్యాండోవర్ ఇచ్చాకైనా ఆ డ్యూటీలో ఉన్న ఇంకొకరితో టీ తాగుతూ ఆ మనిషి పేరు పెట్టి మాట్లాడుకోండి. ఇంటికి మోసుకెళ్ళే బాధ కొంతైనా తగ్గుతుంది.

మామూలు అలసట రెండు రోజులు ఆఫ్ దొరికితే తీరుతుంది. తీరకపోతే జాగ్రత్త పడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ని జబ్బుగా కాకుండా, సరిగా సర్దుబాటు కాని పని ఒత్తిడి వల్ల వచ్చేదిగా చెప్పింది, మూడు గుర్తులిచ్చింది: ఒంట్లో శక్తి లేకపోవడం, పని మీద విరక్తి, చేసినదేదీ సరిగ్గా చెయ్యలేదనిపించడం. మన వార్డు భాషలో చెప్పాలంటే, పేషెంట్ పిలిస్తే జాలి కాకుండా చిరాకు వస్తుంది, మనిషి పేరు మరిచిపోయి "ఏడో బెడ్" మాత్రమే గుర్తుంటుంది. అలా అయితే మీరు చెడ్డ నర్సు అయిపోలేదు, పని మీ మీద మరీ ఎక్కువగా పడింది. వరస నైట్‌లు ఎన్ని చేశారో తేదీలతో సహా రాసి సెలవడగండి, నోటిమాటగా అడిగితే మరిచిపోతారు.

మాట్లాడటానికి ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఉచితం, రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా వెళ్ళాలంటే హోసూర్ రోడ్డులో మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. చనిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఆఫ్ రోజు దాకా ఆగొద్దు. డ్యూటీలో ఉన్నా సరే పక్క సిస్టర్‌కి చెప్పండి, మీ బెడ్లు ఆమె చూసుకుంటుంది, అక్కడినుంచే ఫోన్ చెయ్యండి.