తక్కువ అంచనా పడిన కార్డుకు విలువ కట్టడం: హార్త్‌స్టోన్‌లో రెండు పాత కార్డులతో లెక్క

హార్త్‌స్టోన్ అనే ఆన్‌లైన్ కార్డుల ఆటలో కొత్త సెట్ (కొత్త కార్డుల విడత) బయటికి రాకముందే కార్డులకు మార్కులు పడిపోతాయి. ఆ మార్కుల్లో చాలావరకు కార్డు మీద కనిపించే మూడు అంకెలు చూసి వేసినవే: మానా (కార్డు దించడానికి చెల్లించే ఖర్చు), అటాక్ (కొట్టే దెబ్బ), హెల్త్ (తట్టుకునే ప్రాణం). రాసి ఉన్న ఖర్చే ఆటలో కూడా చెల్లిస్తామంటే ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. అసలు ఖర్చు వేరే ఉన్న కార్డుల దగ్గరే బోల్తా పడతాం.

ముందు ఒక గీత పెట్టుకోండి. ఏ ప్రత్యేక శక్తీ లేని మినియన్‌కు (బోర్డు మీద దించే పోరాట జీవికి) అటాక్, హెల్త్ కలిపితే మానాకు రెట్టింపు, పైన ఒకటి రావాలి. 2 మానాకు 2/3 (అటాక్ 2, హెల్త్ 3) రివర్ క్రొకొలిస్క్, 4 మానాకు 4/5 చిల్‌విండ్ యెతి, 6 మానాకు 6/7 బౌల్డర్‌ఫిస్ట్ ఓగర్ ఈ లెక్కకు సరిగ్గా సరిపోతాయి. ఇప్పటి ఆటలో గీతను తాకినంత మాత్రాన కార్డు డెక్కులోకి రాదు. అయినా ఎంత లోటుందో, ఆ లోటును కార్డు మీది వాక్యం పూడ్చాలంటే ఎంత పని చేయాలో చెప్పడానికి ఇంతకంటే తేలికైన కొలత లేదు.

2017 డిసెంబర్‌లో వచ్చిన కారిడార్ క్రీపర్‌ను తీసుకోండి. అప్పటి రూపంలో 7 మానాకు 5/5. గీత ప్రకారం 15 రావాలి, ఉన్నది 10. చూడగానే పక్కన పడేసే కార్డే. కానీ దాని వాక్యం ఇది: ఈ కార్డు చేతిలో ఉండగా ఒక మినియన్ చనిపోయిన ప్రతిసారీ ఖర్చు 1 తగ్గుతుంది. ఇక్కడ ఒక్కో మాటా ఆగి చదవాలి. "మీ మినియన్" అని లేదు, కాబట్టి అవతలివాడిది చచ్చినా లెక్కే. "ఈ టర్నులో" అని లేదు, తగ్గింది తగ్గినట్టే ఉంటుంది. "చేతిలో ఉండగా" అని ఉంది, కాబట్టి డెక్కులో ఉన్నప్పటి చావులు లెక్కలోకి రావు.

ఇప్పుడు ఎన్ని చావులకు గిట్టుబాటవుతుందో చూడండి. రెండు చస్తే 5 మానాకు 10, గీత 11, ఇంకా లోటే. మూడు చస్తే 4 మానాకు 10, గీత 9. అంటే మూడో చావుతో యెతిని దాటేసింది. ఆపైన ప్రతి చావూ లాభమే, ఏడు చస్తే 5/5 ఉచితం. కాబట్టి అడగాల్సింది "7 మానాకు 5/5 బాగుందా" అని కాదు, "నా డెక్కులో ఇది చేతికొచ్చిన రెండు మూడు టర్నుల్లో మూడు మినియన్లు చస్తాయా" అని. 1/1 టోకెన్లు (వేరే కార్డులు పుట్టించే చిన్న మినియన్లు) గుంపుగా దించే డెక్కులో ఒక్క టర్నులోనే అది జరిగిపోతుంది. స్పెల్స్‌తో (మంత్రాల కార్డులతో) నడిచే డెక్కులో అవతలివాడు కూడా మినియన్లు దించకపోతే ఏడు మానా దగ్గరే కూర్చుంటుంది.

దీనికి నేల కూడా చూడాలి, అంటే కార్డు అత్యంత చెత్త సమయంలో వస్తే ఏమిటన్నది. బోర్డు ఖాళీ అయ్యాక డెక్కులోంచి వచ్చిన క్రీపర్ నిండు 7 మానా అడుగుతుంది. అందుకే మొదటి చేతిలో వస్తే దీన్ని ఉంచుకోవడం, మామూలుగా ఖరీదైన కార్డును తిప్పి పంపే అలవాటుకు విరుద్ధమైనా, సరైన పనే. 2018 ఫిబ్రవరిలో దీని అటాక్‌ను 5 నుంచి 2కి దించారు. మొత్తం 7 అయింది. లెక్క ప్రకారం గిట్టుబాటుకు నాలుగు చావులు చాలు, అంటే ఒక్కటే ఎక్కువ. కానీ 2 అటాక్‌తో ఎదుటి పెద్ద మినియన్ చావదు, అవతలి ఆటగాడి హీరోకు తగిలేదీ నామమాత్రమే. కూడిక లెక్కకు కనపడనిది ఇదే: దూకుడు డెక్కుకు అటాక్ పాయింటు, హెల్త్ పాయింటు ఒకే ధర కావు.

మిస్టీరియస్ చాలెంజర్‌ది ఇంకో రకం. 2015 ఆగస్టులో వచ్చింది, 6 మానాకు 6/6, గీతకు ఒక్కటి తక్కువ. చేతిలోంచి దించినప్పుడు మీ డెక్కులోంచి ఒక్కో రకం సీక్రెట్ (ఎదుటివాడికి కనపడకుండా ఉండి, సందర్భం వచ్చినప్పుడు తనంతట తానే పనిచేసే కార్డు) ఒక్కొక్కటి నేరుగా ఆటలో పెడుతుంది. అప్పటి పాలడిన్ (ఆటలోని హీరో తరగతుల్లో ఒకటి) సీక్రెట్లు ఒక్కోటి 1 మానా, వాటిలో అయిదు: నోబుల్ శాక్రిఫైస్, అవెంజ్, రిడెంప్షన్, రిపెంటెన్స్, కాంపిటీటివ్ స్పిరిట్. విడిగా ఆడితే నీరసమైనవి, అందుకే వీటితో డెక్కు నింపాలా అని కార్డునే కొట్టిపారేశారు. తీరా చూస్తే ఆ సీజన్లలో ల్యాడర్ (ర్యాంకు ఆటలు) నిండా ఈ కార్డుతో కట్టిన సీక్రెట్ పాలడిన్ డెక్కే.

అయిదూ ఒక్కొక్క కాపీ పెట్టి, మొదట ఆడుతున్నారనుకోండి. ఆరో టర్నుకు 9 కార్డులు చూస్తారు (మార్చుకున్నవి కాకుండా). ఒకటి చాలెంజర్ అయితే మిగిలిన 8లో సగటున ఒకటిన్నర లోపే సీక్రెట్లు, డెక్కులో మూడున్నరకు పైగా మిగులుతాయి. అంటే 6 మానాకు తొమ్మిదిన్నర మానా పని. పైగా ఆ నీరసమైన కార్డులు ఇక మీ చేతికి రావు, తర్వాత తీసేవన్నీ మంచివే. ఈ రెండో లాభాన్ని చాలామంది లెక్కలోనే వేసుకోరు.

అయితే చాలెంజర్ రాని ఆటల సంగతి? 30 కార్డుల్లో రెండు కాపీలుంటే, 9 కార్డుల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 52 శాతం. లెజెండరీలా (డెక్కులో ఒక్కటే పెట్టుకోగల అత్యంత అరుదైన కార్డులా) ఒక్క కాపీయే అయితే 30 శాతం. మిగతా సగం ఆటల్ని డెక్కు సొంతంగా గెలవగలగాలి. సీక్రెట్ పాలడిన్ నిలబడింది మొదటి మూడు టర్నుల మినియన్లు గట్టివి కాబట్టే. అది లేని డెక్కులో ఇలాంటి కార్డు పెట్టడం రమ్మీలో ఒక్క ముక్క కోసం చేయంతా పట్టుకుని కూర్చోవడమే.

పరీక్షించేటప్పుడు గెలుపు శాతాన్ని తొందరగా నమ్మకండి. సగం సగం గెలిచే డెక్కు కూడా 20 ఆటల్లో 12 లేదా ఎక్కువ గెలిచే అవకాశం పాతిక శాతం ఉంది. దానికి బదులు కార్డు చేతికొచ్చిన ఆటలే లెక్కపెట్టి, ఒక్కోదానికి మూడు సంగతులు రాయండి: ఏ టర్నులో వచ్చింది, ఏ టర్నులో ఎన్ని మానాకు దించారు, దీనికోసం తీసేసిన కార్డు అదే చోట ఉంటే ఏం చేసేది. మూడోదే అసలైనది. ఇలాంటివి పదిహేనో ఇరవయ్యో పోగయ్యేసరికి కార్డు దించిన సగటు ఖర్చు తేలిపోతుంది. అది గిట్టుబాటు గీతకు ఎటువైపుందో చూడటమే మిగిలిన పని. గెలుస్తున్నప్పుడే బాగుండి, వెనకబడ్డప్పుడు చేతిలో మూలుగుతుంటే తీసేయండి.

డస్ట్ (కార్డులు తయారుచేసుకోవడానికి ఆటలో వాడే పొడి) ఖర్చు చివరన చూడండి. మామూలు ఎపిక్ (లెజెండరీకి ఒక మెట్టు కింది) కార్డు చేయడానికి 400, విరగ్గొడితే వచ్చేది 100. పై రెండూ ఎపిక్‌లే, ఒక్కోదానికి రెండు కాపీలకు 800. కాబట్టి ముందు ఒక్క కాపీ చేసి పరీక్షించండి, చేతికి తక్కువసార్లు వస్తుంది గానీ పోతే 300తో పోతుంది. లెజెండరీకి ఆ నష్టం 1200, అక్కడ లెక్క ఇంకా గట్టిగా ఉండాలి. కార్డు మరీ బలంగా తేలి దాన్ని నెర్ఫ్ చేస్తే (బలం తగ్గిస్తే) కొద్ది రోజులపాటు పూర్తి డస్ట్ తిరిగి ఇస్తారు, ఆ గడువు దాటనివ్వకండి.