వరిగడ్డి, పేడతో నారు కుండీలు ఇంట్లోనే

కోతలయ్యాక పొలంలో వరిగడ్డి తగలబెట్టేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది, అందులో ఒక మోపు తెచ్చుకున్నా టమాటా, వంగ, మిరప నారుకి సరిపడా కుండీలు అయిపోతాయి. గడ్డిని అంగుళం కన్నా చిన్న ముక్కలు చేసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున పిండేసి, ఒక వంతు గడ్డికి రెండు వంతుల పచ్చి పేడ కలిపి చిక్కటి గంజి కొద్దికొద్దిగా పోస్తూ పిసకాలి, ముద్దని గట్టిగా నొక్కితే నీళ్లు కారకూడదు, విడిపోకూడదు, అదే పదును. గంజి ఎక్కువైతే బూజు పడుతుంది. కోనసీమ వైపు వాళ్లైతే గడ్డి బదులు కొబ్బరి పీచు వాడుకోవచ్చు, ఇంకా బాగా పట్టుకుంటుంది.

స్టీల్ గ్లాసు బోర్లించి కవర్ తొడిగి, ముద్దని చుట్టూ చిటికెన వేలు మందాన అద్ది, అడుగున పుల్లతో చిల్లు పెట్టండి. కాస్త గట్టిపడ్డాక గ్లాసు లాగేసి కవర్ ఒలిచేయండి. ముందు నీడలోనే ఆరాలి, నేరుగా ఎండలో పెడితే నెర్రెలిస్తుంది, ఆ తర్వాతే ఎండ.

నారు ఎదిగాక కుండీతో సహా నాటేయడమే, వేర్లు కదలవు కాబట్టి మొక్క వాడదు. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు, కుండీ అంచు మట్టి పైకి కనిపిస్తే అది తేమంతా పీల్చి గాలికి వదిలేస్తుంది, వేర్ల దగ్గర ఎండిపోతుంది, అందుకే అంచు తుంచేసి పైన మట్టి కప్పేయండి.