ఒక్క రిమోట్ మాట వినకపోతే: సమస్య - పరిష్కారం

కడపలో మా ఇంటి టీపాయ్ మీద నాలుగు రిమోట్లు ఉండేవి. టీవీది, సెట్‌టాప్ బాక్స్‌ది, సౌండ్‌బార్‌ది, నెట్ వీడియోలు చూడ్డానికి టీవీ వెనక గుచ్చిన ఫైర్ టీవీ స్టిక్‌ది. సీరియల్ టైముకు మా జేజి "సౌండు పెంచేది ఏది నాయనా?" అని అడగని రోజు లేదు. ఆ గోల పడలేక వైవీ స్ట్రీట్‌లో రెండొందలు పెట్టి అన్నింటినీ ఒక్కటే నడిపే యూనివర్సల్ రిమోట్ తెచ్చాను. వారం దాకా టీపాయ్ మీద ఐదు రిమోట్లు ఉన్నాయి. ఆ వారం నేను పడిన తిప్పలే ఇవి. కొత్త రిమోట్ పనికిరానిదని విసిరేయకముందు ఒకసారి చూసుకోండి.

ఏ బటన్ నొక్కినా చలనం లేదు

ముందు రిమోట్ వెలుగు విసురుతోందా లేదా చూడాలి. ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ ముందున్న బల్బును దానికి చూపించి బటన్ నొక్కండి. మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు తెర మీద ఊదా రంగులోనో తెల్లగానో మిణుకుమంటుంది. వెనక కెమెరాతో చూస్తే కొన్ని ఫోన్లలో కనపడదు, ఆ వెలుగును ఆపే ఫిల్టర్ ఉంటుంది.

వెలుగు రాకపోతే సెల్స్ మార్చండి. పాతదొకటి, కొత్తదొకటి కలిపి వేయొద్దు. వెలుగు వస్తున్నా టీవీ కదలకపోతే కోడ్, అంటే ఏ టీవీతో మాట్లాడాలో రిమోట్‌కు చెప్పే అంకె, తప్పయి ఉండాలి. మన దగ్గర అమ్మే చిన్న బ్రాండ్ల ఎల్‌ఈడీ టీవీల్లో పైన పేరు ఒకటి, లోపలి బోర్డు ఇంకొకటి. కాబట్టి కోడ్ల కాగితంలో బ్రాండ్ పేరు వెతికి లాభం లేకపోవచ్చు. పాత రిమోట్ ఫోటో తీసుకుని షాపుకు పోండి. షాపు వాళ్ళు పేరు అడగరు, బటన్ల వరుస చూసి రిమోట్ తీసిస్తారు. ఇంట్లోనే తేల్చుకోవాలంటే రిమోటే ఒక్కో కోడ్ పంపి చూసే ఆటో సెర్చ్ పెట్టి టీవీ ఆగిపోయేదాకా చూడండి. ఆగిన క్షణంలో కోడ్ సేవ్ చేసే బటన్ నొక్కకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. నాకు మూడుసార్లు అట్లే అయింది.

కింద పడినప్పటి నుంచి పనిచేయడం లేదు

మా ఊరి ఇళ్ళలో నేలంతా నల్ల బండలే. రిమోట్ వాటి మీద పడితే చప్పుడుతోనే గుండె జారుతుంది. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ వెలుగును ఊరికే ఆర్పి వెలిగించదు, చాలా రకాల్లో సెకనుకు దాదాపు 38 వేల సార్లు మిణుకుమనిపిస్తుంది. ఆ లెక్క తప్పకుండా ఉండడానికి చాలా రిమోట్లలో 455 కిలోహెర్ట్జ్ సిరామిక్ రెసొనేటర్ అనే చిన్న ముక్క ఉంటుంది. కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు వెయ్యి సార్లు; 455ను 12తో భాగిస్తే 38కి దగ్గరగా వస్తుంది చూడండి. కింద పడ్డప్పుడు ఆ ముక్క పగలొచ్చు, దాని టంకం ఊడొచ్చు. టంకం ఊడితే మెకానిక్ రెండు నిమిషాల్లో అతికిస్తాడు. ముక్కే పగిలితే రెండొందల రిమోట్‌కు రిపేరు దండగ, కొత్తది తెచ్చుకోండి.

పొద్దున పనిచేస్తుంది, సాయంత్రం నాలుగింటికి మొరాయిస్తుంది

పడమటి కిటికీ లోంచి ఎండ నేరుగా టీవీ మీద పడుతోందేమో చూడండి. ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, ఆ హోరులో రిమోట్ మాట టీవీకి వినపడదు. కర్టెన్ వేస్తే చాలు.

ఎండ లేకున్నా మొరాయిస్తే సౌండ్‌బార్‌ను అనుమానించండి. టీవీకి రిమోట్ కన్ను సాధారణంగా కింది అంచులో ఉంటుంది. దాని ముందే సౌండ్‌బార్ పెట్టుకుంటాం. నేనూ అదే చేసి, రెండు రోజులు కోడ్లు మారుస్తూ కూర్చున్నాను. ఒక జానెడు కిందికి దించగానే సరిపోయింది.

అన్నీ పనిచేస్తాయి, స్టిక్ మాత్రం వినదు

ఇది కోడ్‌తో తీరే సమస్య కాదు. ఫైర్ టీవీ స్టిక్ రిమోట్ దాని స్టిక్‌తో బ్లూటూత్‌లో మాట్లాడుతుంది. రెండొందల రిమోట్‌కు వెలుగు భాష ఒక్కటే వచ్చు. ఎన్ని కోడ్లు కొట్టినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

దారి రెండు రకాలుగా ఉంది. మొదటిది హెచ్‌డీఎంఐ సీఈసీ, అంటే టీవీకి చెప్పింది దానికి గుచ్చిన వాటికీ చేరే ఏర్పాటు. టీవీ సెట్టింగ్స్‌లో ఆ పేరుతో ఉండకపోవచ్చు: శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. అది ఆన్ చేస్తే మీరు టీవీకి చెప్పిన బాణం, ఓకే, బ్యాక్ బటన్లను టీవీయే హెచ్‌డీఎంఐ ద్వారా స్టిక్‌కు చేరవేస్తుంది. రెండోది, నాకు బాగా నచ్చింది, తలకిందులుగా ఆలోచించడం: స్టిక్ రిమోట్‌నే ఇంటి పెద్దను చేయడం. వాల్యూమ్ బటన్లున్న ఫైర్ టీవీ రిమోట్‌లో ఇన్‌ఫ్రారెడ్ కూడా ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లోకి పోయి టీవీ, సౌండ్‌బార్ చేర్చుకుంటే పవర్, వాల్యూమ్ అదే చూసుకుంటుంది. ఇంట్లో స్టిక్ ఎక్కువ చూసేవాళ్ళైతే యూనివర్సల్ రిమోట్ కొనక్కర్లేదనే నా మాట.

పవర్ నొక్కితే టీవీ వెలుగుతుంది, బాక్స్ ఆరిపోతుంది

చాలా వాటికి ఆన్‌కు ఒకటి, ఆఫ్‌కు ఒకటి అని వేరే సంకేతాలు ఉండవు. ఒకే సంకేతం ఉన్న స్థితిని తిప్పేస్తుంది. ఒకే బటన్‌తో రెండింటికీ పవర్ పోయేలా పెట్టుకున్నప్పుడు, పిల్లోడు అడ్డంగా పరిగెత్తి ఒకదానికి సంకేతం అందకపోతే, అక్కడి నుంచి రెండూ ఎడమొహం పెడమొహమే. బాక్స్ ముందున్న బటన్‌తో చేత్తో ఒకసారి సరిచేయండి. ఆ తర్వాత పవర్ నొక్కాక రెండూ వెలిగేదాకా రిమోట్‌ను అటే చూపించి ఉంచండి.

పాత రిమోట్ చూపించి నేర్పిస్తే ఎక్కడం లేదు

పాత రిమోట్ సంకేతాన్ని చూసి నేర్చుకునే లర్నింగ్ రిమోట్ అయితే రెండింటి బల్బులూ ఎదురెదురుగా రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ట్యూబ్‌లైట్ ఆర్పి, బటన్‌ను కొద్దిగా నొక్కి వదలండి. నొక్కిపెట్టి ఉంచితే మళ్ళీ మళ్ళీ వచ్చే సంకేతం కూడా కలిసి రికార్డవుతుంది. పాత రిమోట్‌లో సెల్స్ నీరసంగా ఉన్నా ఎక్కదు.

ఒక తిక్క సమస్య కూడా చెప్పాలి. 11 నొక్కితే ఒకటే ఒకటి పడుతుందా? ఫిలిప్స్ వాళ్ళ ఆర్‌సీ-5 పద్ధతిలో బటన్ మళ్ళీ నొక్కిన ప్రతిసారీ సంకేతంలో ఒక బిట్ మారుతుంది. నేర్చుకున్న రిమోట్ మొదటిసారి విన్నదాన్నే చిలకలా పలుకుతుంది కాబట్టి, టీవీ దాన్ని ఇంకా నొక్కి ఉంచారనే అనుకుంటుంది. అలాంటి టీవీకి నేర్పడం మానేసి, రిమోట్‌లో ముందే ఉన్న కోడ్ వాడండి.

సెల్స్ తీస్తే అన్నీ మరిచిపోయింది

కొన్ని చౌక రిమోట్లకు సెల్స్ తీస్తే జ్ఞాపకం ఉండదు. కుదిరిన కోడ్‌ను సెల్స్ మూత లోపల పెన్నుతో రాసి పెట్టుకోండి.

ఏసీ కూడా ఇందులోనే పెడితే డిగ్రీలు మారడం లేదు

మే నెలలో అందరికీ పుట్టే ఆశ ఇది. ఏసీ రిమోట్ పద్ధతే వేరు. టీవీ రిమోట్ "ఒక మెట్టు పెంచు" అంటుంది. ఏసీ రిమోట్ మాత్రం ఏ బటన్ నొక్కినా డిగ్రీలు, మోడ్, ఫ్యాన్ వేగం అన్నీ కలిపిన చిట్టాను మొత్తంగా పంపుతుంది. 24 ఉన్నప్పుడు నేర్పిన బటన్ ఎన్నిసార్లు నొక్కినా 24కే తెస్తుంది. ఏసీకి తెరున్న వేరే యూనివర్సల్ రిమోట్లు దొరుకుతాయి. ఇన్‌ఫ్రారెడ్ ఉన్న రెడ్‌మీ ఫోన్ ఉంటే దాంతోనూ నడుస్తుంది. నేను అంత దూరం పోలేదు. మా ఏసీ రిమోట్‌ను దారం కట్టి గోడ మేకుకు తగిలించాను. జేజికి దాని జోలి ఎట్లాగూ వద్దు, ఆమె ఫ్యాన్ మనిషి.