తలుపు గడియ పడని ఇంట్లో ఆన్‌లైన్ థెరపీ

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దుని ఆనుకున్న మా పర్లాకిమిడి వీధిలో ఒకరింట్లో తుమ్మితే పక్కింటి మామ్మ "చిరంజీవ" అంటుంది. అలాంటి చోట కూర్చుని మనసులో మాట వేరే ఊరి మనిషికి ఫోన్లో చెప్పుకోవడమంటే చిన్న పనేం కాదు. నిరుడు నాన్న పోయాక నాకు నెలల తరబడి సరిగ్గా నిద్ర లేదు. బరంపురం వెళ్లి డాక్టరుకి చూపించుకుందామంటే రోజంతా పోతుంది, పైగా బస్టాండులో ఎవరో ఒకరు "ఎక్కడికమ్మా?" అని అడక్క మానరు. అందుకని ఆన్‌లైన్ దారి పట్టాను. మొదటిసారి డబ్బు పోగొట్టుకున్నాను, రెండోసారి మంచి మనిషి దొరికారు. వానలు, ఆ వెనకే తుపాన్ల నెలలు వస్తున్నాయి. ఈలోగా మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఎవరెవరో తెలుసుకోండి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాసేది వీళ్లే. క్లినికల్ సైకాలజిస్ట్ మాటలతో చికిత్స చేస్తారు, మందులు రాయరు. వీళ్ల పేరు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. డాక్టరైతే మెడికల్ కౌన్సిల్ నంబరు, సైకాలజిస్టయితే ఈ కౌన్సిల్ నంబరు అడిగి, వెబ్‌సైట్లో చూసుకోండి. "లైఫ్ కోచ్", "హీలర్" లాంటి పేర్లు ఎవరైనా తగిలించుకోవచ్చు. కౌన్సెలర్లలో మంచివాళ్లు ఉన్నారు, కానీ ఏం చదివారో, ఎక్కడ పనిచేశారో అడగాల్సిందే. కందిపప్పు కొనేటప్పుడు నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని చూస్తాం కదా, ఇక్కడ మొహమాటం దేనికి? నంబరు అడిగితే మొహం ముడుచుకునే మనిషి దగ్గర ఆగకండి.

డాక్టరు ఆంధ్రాలో ఉంటే ఒడిశా వాళ్లని చూడొచ్చా అని మా చెల్లెలు అడిగింది. చూడొచ్చు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, మన దేశంలో రిజిస్టరైన డాక్టరు ఏ రాష్ట్రంలో ఉన్న రోగినైనా ఫోన్లోనో వీడియోలోనో చూడొచ్చు. కొన్ని రకాల మందులు మాత్రం అలా చూసి రాయకూడదు. ఏది అడిగితే అది రాసిచ్చేస్తున్నారంటే సంతోషించకండి, అనుమానించండి.

నా మొదటి పొరపాటు చెబుతాను. ఒకావిడ "21 రోజుల్లో టెన్షన్ మాయం" అన్నారు. మొత్తం డబ్బు ముందే కట్టేశాను. రెండో రోజే నా కష్టం పక్కన పెట్టి తన పెళ్లి కష్టాలు చెప్పారు, మూడో రోజు ఇంకో క్లయింటు కథ చెప్పారు. నా కథ ఎవరికి చెబుతున్నారో అని ఆ రాత్రి ఉన్న కాస్త నిద్రా పోయింది. ఇన్ని రోజుల్లో తగ్గిపోతుందని మాటిచ్చేవాళ్లు, వేసుకుంటున్న మాత్రలు మానేయమనే డాక్టరు కానివాళ్లు, వేళ కాని వేళ సొంత కబుర్లతో మెసేజీలు పెట్టేవాళ్లు, ఈ ముగ్గురికీ దూరంగా ఉండండి. డబ్బు ఒక్కో సెషన్‌కే కట్టండి.

భాష సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లో పాఠాలు చెబుతూనే వాడుక భాష కోసం పోట్లాడారు. అదే ఊరివాళ్లం థెరపిస్టు ముందు కూర్చోగానే ఇంగ్లీషులోకి దూకుతాం. రెండోసారి దొరికిన ఆ మంచి మేడమ్‌కి కూడా "నాకు యాంగ్జైటీ మేడమ్" అని నాలుగు సెషన్లు చెప్పాను, పని జరగలేదు. ఐదోసారి నోరుజారి, "సాయంత్రం ఆరయ్యేసరికి నాన్న సైకిలు బెల్లు వినిపించినట్టుంటుంది, కడుపులో తిప్పేస్తుంది" అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి, "బెల్లు మోగాక మీరేం చేస్తారు?" అని అడిగారు. ఏం చేస్తానో చెప్పాను. గుమ్మం దాకా వెళ్లి వస్తాను. అసలు చికిత్స అక్కడే మొదలైంది. అందుకని సగం ఒడియా కలిసిన మన తెలుగు అవతలి మనిషికి అర్థమవుతుందో లేదో మొదటి ఫోన్లోనే చూసుకోండి.

ఇక చోటు. మా ఇంట్లో ఏ తలుపుకీ గడియ సరిగ్గా పడదు. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే వాళ్ల మాట బయటికి రాదు గానీ మన మాట వస్తుంది. గది బయట ఫ్యాను వేసి, అమ్మ సీరియల్ చూసే టైముకే సెషన్ పెట్టించుకున్నాను. ఎవరైనా లోపలికొస్తే "ఆ లెక్క మళ్లీ చెప్పండి మేడమ్" అనాలని ముందే మాట్లాడుకున్నాం. అలా అంటే ఆవిడ ట్యూషన్ టీచరులా మాట్లాడతారు. నవ్వుకోండి, ఇది రెండుసార్లు కాపాడింది. అందరూ వాడే ఫోనైతే నోటిఫికేషన్లు కనపడకుండా పెట్టుకోండి. కాల్ రికార్డు చేస్తారా, రాసుకున్న నోట్సు ఎక్కడ ఉంచుతారు అని అడగండి. మన వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, పిల్లల మీద లైంగిక వేధింపు బయటపడినప్పుడు మాత్రం వాళ్లు నోరు విప్పాల్సి వస్తుంది. మంచి థెరపిస్టు ఈ మాట తనే ముందు చెబుతారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా ఎలా అయిపోయిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అలాంటి వారంలో వీడియో కుదరదు. మామూలు రోజుల్లోనే నా ఫోను ఆంధ్రా టవరా, ఒడిశా టవరా అని తేల్చుకోలేదు. లైను తెగితే ఎవరు తిరిగి చెయ్యాలి, ఎన్ని నిమిషాలు చూడాలి, ఆ సెషన్ డబ్బు ఏమవుతుంది అనేవి మొదటి రోజే మాట్లాడుకోండి. మాత్రలు వాడేవాళ్లు తుపాను కబురు రాకముందే రెండు వారాలకి సరిపడా దగ్గర పెట్టుకోండి. చాలా మానసిక వైద్యం మందులు ఉన్నట్టుండి ఆపకూడదు.

థెరపిస్టుకి మీ సరైన అడ్రసు, ఇంట్లోవాళ్లో స్నేహితులో ఒకరి నంబరు ఇచ్చి ఉంచండి. హైదరాబాద్‌లో ఉన్న మనిషికి మీరు ఆపదలో ఉన్నారని తెలిసినా, పర్లాకిమిడిలో ఏ వీధో తెలియకపోతే ఏం చేస్తారు? ఆన్‌లైన్ సెషన్ అర్ధరాత్రి ఆపదకి పనికిరాదు. చచ్చిపోవాలనిపిస్తే వచ్చే సెషన్ దాకా ఆగకండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, డబ్బు అక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, భాష ఎంచుకోవచ్చు. ప్రాణం మీదికొస్తే 112. ఆసుపత్రికైతే ఇటు బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, అటు విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది.

సెషన్ ముందు నేను పాత క్యాలెండర్ వెనక ఒక్క వాక్యం రాసుకుంటాను, ఈ వారం ఏది ఎక్కువ బాధపెట్టిందని. లేకపోతే ముప్పావుగంట కబుర్లతో అయిపోతుంది. చెప్పిన పని చెయ్యలేకపోతే అబద్ధమాడకండి, చెయ్యలేదనే చెప్పండి. మూడు నాలుగు సెషన్లయినా కుదరడం లేదనిపిస్తే ఆ మాట ఆవిడతోనే అనండి. అలిగితే మనిషిని మార్చండి.

సెషన్ అవ్వగానే నేరుగా వంటింట్లోకి వెళ్లకండి. ఏడ్చిన మొహంతో ఉల్లిపాయలు తరగడం ఒక సాకుగా పనికొస్తుంది గానీ, నేను మాత్రం పది నిమిషాలు మెట్ల మీద కూర్చుని మల్లె పాదుకి నీళ్లు పోస్తాను. నా సెషన్ ఉండే మంగళవారం సాయంత్రాలు అమ్మ ఇప్పటికీ నాకు లెక్కల ట్యూషన్ ఉందనే అనుకుంటోంది. మొన్న "ఈ వయసులో లెక్కలేంటే?" అని అడిగింది.